సగం నూక

గొడుగు తిరగేసి పట్టుకుంది ఎదువీహెస్.
ఆల్తార్ ఎడారిలో గొడుగెందుకని అడిగేవాళ్లకి
జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది.

చీపురు కర్రతో నబోర్
గొబెర్నదోరా పొదని రెండు దెబ్బలేశాడు.
పేరుకి గవర్నరమ్మ.
చినుకు లేని నెలల్లో కూడా
ఆకు నలిపితే వాన వాసన.

తెల్లగుడ్డ లోపల రాలినవి:
ఎండిన పూరేకులు, ఇసుక,
తల లేని చీమ,
కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తున్న సాలీడు,
ఇంకా
ఒక చుక్క.
వాక్యాన్ని వదిలేసి పారిపోతున్న చుక్క.

ముప్ఫై ఏళ్లు కబోర్కా షెడ్లలో
ఆస్పరాగస్ కట్టలు తూచిన చేతులు ఆమెవి.
గ్రాము తేడా అరచేతికే తెలిసేది.
దీని బరువు మాత్రం
ఆ చేతులకి తెలియలేదు.

బొమ్మలు గీయడానికి వెళ్లినవాణ్ణి నేను.
మా భాషలో దీన్ని అక్షింతల పురుగంటామన్నాను.
అక్షింతలంటే? అంది.
పసుపు కలిపిన బియ్యం, దీవించి తల మీద చల్లుతాం,
తిట్టినా అదే మాట వాడతాం, అన్నాను.
రెండూ ఒకటేనా అని నవ్వి,
సీసా మూత సరిగా బిగించనందుకు
నబోర్‌కి ఆ రెండో రకం చల్లింది.
ఆపైన సీసాని ఎండకెత్తి చూసి
"ఇది గింజ కాదు," అంది,
"గింజ విరిగితే రాలేది."
నూక, అన్నాను.
నూకలో సగం.

ఎరుపు లేదు. మచ్చల్లేవు.
పిల్లల పుస్తకాల్లో దీనికి చోటు లేదు.
తడిసి ఆరిన మట్టి రంగు,
వీపంతా పడుకోబెట్టి దువ్విన నూగు.

ఇరవై రెండేళ్ల కిందట ఇలాంటిదే దొరికిందట.
కాగితం మీద పెట్టుకుని
తుమ్మిందట.
అంతే.
అప్పట్నించీ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే
ముక్కుకి గుడ్డ కట్టుకుంటుంది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద దాన్ని చంపింది.
ఈ మాట దాటేసి రాయొచ్చు, రాయను.
గోళ్లరంగు తుడిచే మందులాంటి వాసన
రొట్టెల వాసనలో కలిసింది.
నబోర్ కిటికీ తీశాడు, ఏమీ అనలేదు.

కొమ్ములో కణుపులు లెక్కపెట్టాలి.
పదైతే ఒక దారి, పదకొండైతే ఇంకో దారి.
పది, అంది.
దీపం జరిపి, పదకొండు, అంది.
నన్ను చూడమంది.
నాకు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి.
మళ్లీ ఆమె: పది. రాసుకో.

పొట్ట మీద మొదటి పట్టీలో ఒక వంపు గీత.
చుట్టూ తిరిగి వస్తే ఒక వంశం,
మధ్యలో ఆగిపోతే మరొకటి.
ఇది ఆగింది,
వెనక నుంచి ఎవరో పిలిచినట్టు.

ఇక ఒక్కటే మిగిలింది.
మగదైతే పొట్ట విప్పి చూడాలి,
అసలు పేరు అక్కడే ఉంటుంది.
చివరి పట్టీ అంచున నొక్కు కోసం
ఆమె చాలాసేపు వెతికింది.
నొక్కు లేదు.
నున్నగా, గోరంచులా గుండ్రంగా ఉంది.

"ఆడది," అంది గుడ్డలోంచి.
ఆడవాటికి ఇంటిపేరు వరకే చెప్పగలం,
ఆ తర్వాత అన్నీ ఒకేలా ఉంటాయి.
ఆ మాట అన్నాక కాసేపు
తన మాట తనకే నచ్చనట్టు
కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

చిన్న అట్టముక్క కొసన చుక్క జిగురు,
జిగురు మీద సగం నూక.
కింద చీటీలో
ఊరు, తేదీ, పొద పేరు.
పురుగు పేరు చోట ప్రశ్న గుర్తు.
పట్టినవాళ్ల పేరు చోట,
వెంట్రుకంత సన్నని కలంతో,
నబోర్.

"గొడుగు పట్టింది మీరు కదా," అన్నాడు వాడు.
"కొట్టింది నువ్వు," అంది,
కొనకి గుడ్డ విప్పి
తనివితీరా తుమ్మింది.

తెల్లారి లేచేసరికి
బండి నడుస్తున్న చప్పుడు.
ఎవరూ చెప్పకుండానే
చీపురు కర్ర వెనక సీట్లో పెట్టి,
గొడుగు విప్పి ఊచలు సరిచేసుకుంటున్నాడు నబోర్.
మగది కావాలిగా, అన్నాడు.